లిఫ్ట్ చేశాక స్టీరింగ్ ఊగుతోందా? ముందు దేని మీద ఖర్చు పెట్టాలి

లిఫ్ట్‌తో, అంటే బండి ఎత్తు పెంచడంతో, జీపు రెండు అంగుళాలు లేచింది, టైర్లు పెద్దవయ్యాయి. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద డెబ్బై దాటి వెళ్తుండగా ఒక జాయింట్ మీద చక్రం ఎగిరి పడింది. అంతే, స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేలా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. ఇలా జరిగిన వాళ్లలో ఎక్కువమంది మర్నాడే కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) కొని బిగించుకుంటారు. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. తర్వాత అదే ఊపు, ఈసారి ఇంకొంచెం గట్టిగా వస్తుంది.

డ్యాంపర్ తప్పు వస్తువేం కాదు. కాకపోతే అది వరసలో చివరిది. ఊపు పుట్టేది ఎక్కడో ఉన్న లూజులోంచి, లేదా లిఫ్ట్ మార్చేసిన కోణంలోంచి. ఆ రెండూ అలాగే ఉండగా డ్యాంపర్ పెడితే చప్పుడు తగ్గుతుంది, రోగం లోపల పెరుగుతుంది. కాబట్టి బ్యాలెన్సింగ్, జాయింట్లు, ప్యాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీ), క్యాస్టర్ (ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం), డ్యాంపర్, లిఫ్ట్ తగ్గించడం అనే ఆరు దారుల్లో మీ బండికి ఏది ముందో తేల్చుకోవాలి.

ముందు మీ బండి ఏ జాతిదో చూడండి

ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప యాక్సిల్‌కి ఉన్న బండ్లలోనే ఈ భయంకరమైన ఊపు ఎక్కువ. జిప్సీ, జిమ్నీ, ర్యాంగ్లర్, ముందు కమాన్లున్న (లీఫ్ స్ప్రింగులున్న) పాత మహీంద్రా జీపులు ఈ కోవలోకి వస్తాయి. ఒక చక్రం కదిలితే ఆ కదలిక నేరుగా రెండో చక్రానికి వెళ్తుంది, అక్కడినుంచి తిరిగొస్తుంది. దారిలో ఎక్కడైనా లూజు ఉంటే ఈ రాకపోకలు ఆగవు.

2020 తర్వాతి థార్, ఫార్చూనర్, వీ-క్రాస్ లాంటివాటిలో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. వీటిలో లిఫ్ట్ తర్వాత వచ్చే వణుకు వేరే రకం: టో (చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరగడం), క్యాంబర్ (చక్రం పై భాగం లోపలికో బయటికో వాలడం) మారిపోవడం, పై బాల్ జాయింట్ కోణం అంచుకు చేరడం, చక్రానికి శక్తి అందించే డ్రైవ్ షాఫ్ట్ సీవీ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరగడం. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వణికి, కాలు తీస్తే ఆగిపోతే ముందు సీవీ జాయింట్‌ని అనుమానించండి. ఈ బండ్లలో స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ ఎంత మందం ఉంటుందో చక్రం దగ్గర అంతకన్నా ఎక్కువే లేస్తుంది, చాలా బండ్లలో దాదాపు రెట్టింపు. "అంగుళం స్పేసరే కదా" అని పెట్టించుకున్నవాళ్లకు వచ్చే ఇబ్బందికి మూలం ఇదే. ఇక్కడినుంచి చెప్పేదంతా ప్రధానంగా మొదటి జాతి బండ్ల గురించి.

ఊపు ఎలాంటిదో చెప్పగలిగితే సగం పని అయినట్టే

ఎనభై దగ్గర మెల్లగా మొదలై, వంద దాటాక తగ్గిపోయే సన్నటి వణుకు సాధారణంగా టైరు, రిమ్ము, బ్యాలెన్సింగ్‌లకు సంబంధించింది. గుంత తగిలిన క్షణంలో ఒక్కసారిగా మొదలై, వేగం బాగా తగ్గించేదాకా ఆగని పెద్ద ఊపు లూజు వల్ల, క్యాస్టర్ తక్కువ కావడం వల్ల వస్తుంది. ఊపు లేకుండా బండి రోడ్డు మీద అటూ ఇటూ తేలిపోతుంటే, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోతే అది నేరుగా క్యాస్టర్. గతుకు మీద స్టీరింగ్ ఒకే వైపు లాగి వదిలేస్తుంటే డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్స్ కదలికని చక్రాలకు అందించే కడ్డీ), ప్యాన్‌హార్డ్ రాడ్ కోణాలు కలవడం లేదని అర్థం.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే ముందు బ్రేక్ డిస్కులు చూడండి. దానికీ లిఫ్ట్‌కీ సంబంధం ఉండకపోవచ్చు.

ఎంపికకు కొలబద్దలు

ఏ దారినైనా ఐదు ప్రశ్నలతో తూచాలి. అది కారణాన్ని తీస్తుందా, లక్షణాన్ని కప్పుతుందా? ఎంత ఖర్చు? నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చా? కొత్తగా ఏం పాడుచేస్తుంది? బండి ఎక్కువగా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరుగుతుందా, రాళ్లలో తిరుగుతుందా? చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. వారంలో ఐదు రోజులు మారతహళ్లికి, వైట్‌ఫీల్డ్‌కి వెళ్లే బండికి పనికొచ్చే జవాబు, రాళ్లెక్కే బండికి అడ్డమవుతుంది.

| దారి | ఏం సరిచేస్తుంది | ఖర్చు | వెనక్కి తీసుకోవచ్చా | కొత్త ఇబ్బంది |
|---|---|---|---|---|
| బ్యాలెన్సింగ్, టైరు పరీక్ష | సన్నటి వణుకు | చాలా తక్కువ | అవసరం లేదు | లేదు |
| జాయింట్లు, బుష్‌లు (రబ్బరు తొడుగులు), బేరింగులు | లూజు | తక్కువ నుంచి మధ్యస్థం | అవసరం లేదు | నాసిరకం విడిభాగాలతో మళ్లీ అదే పని |
| సర్దుబాటు ప్యాన్‌హార్డ్ రాడ్ | యాక్సిల్ పక్కకు జరగడం | మధ్యస్థం | అవును | లాక్‌నట్ వదులైతే కొత్త లూజు |
| క్యాస్టర్ సవరణ | తేలిపోవడం, పెద్ద ఊపు | మధ్యస్థం నుంచి ఎక్కువ | పద్ధతిని బట్టి | ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కి శక్తి అందించే కడ్డీ) కోణం, కింద ఖాళీ తగ్గడం |
| స్టీరింగ్ డ్యాంపర్ | ఏదీ సరిచేయదు, అణచిపెడుతుంది | మధ్యస్థం | అవును | అసలు కారణం కనబడకుండా పోవడం |
| లిఫ్ట్ తగ్గించడం | కోణాలన్నీ | తక్కువ, పాత స్ప్రింగులు ఉంటే | అవును | పెద్ద టైర్లు రాసుకోవచ్చు |

ఖర్చు పెట్టేముందు చేయాల్సిన పరీక్ష

దీనికి ఒక మనిషి తోడు, ఒక టార్చి చాలు. బండి చదునైన నేల మీద, చక్రాలు నేల మీదే ఉండాలి. జాకీ ఎక్కించకూడదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ఇంజన్ ఆన్ చేయండి. తోడున్న మనిషి స్టీరింగ్‌ని మధ్య నుంచి రెండు వైపులా పావు చుట్టు లోపే, చురుగ్గా, ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మీరు పక్కనుంచి వంగి ఒక్కో జాయింట్ మీద చెయ్యి వేసి చూడండి. కంటికి కనబడని లూజు చేతికి టక్ టక్ మని తగులుతుంది.

వరసగా చూడాల్సినవి: స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కి బిగించిన బోల్టులు, పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్‌ని డ్రాగ్ లింకుకి కలిపే చెయ్యి), డ్రాగ్ లింకు రెండు చివరలు, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) రెండు చివరలు, ప్యాన్‌హార్డ్ రాడ్ రెండు చివరలు. ఈ ప్యాన్‌హార్డ్ చివరల దగ్గర ఎక్కువసేపు ఆగండి. లిఫ్ట్ బిగించేటప్పుడు ఈ బోల్టులు విప్పుతారు, తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడేవాళ్లు తక్కువ. బోల్టు కొంచెం వదులుగా ఉన్నా కొన్ని వందల కిలోమీటర్లలో బ్రాకెట్ రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. అప్పుడు కొత్త బుష్ వేసినా లాభం లేదు. రంధ్రం చుట్టూ పెయింట్ రాలి ఇనుము మెరుస్తుంటే అక్కడ కదలిక ఉన్నట్టే.

తర్వాత ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపండి, స్టాండు పెట్టడం మరవద్దు. చక్రాన్ని గడియారంలో మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుని ఊపితే తగిలే లూజు టై రాడ్ వైపుది. పన్నెండు, ఆరు దగ్గర ఊపితే తగిలేది వీల్ బేరింగ్‌ది కావచ్చు, కింగ్‌పిన్‌ది (చక్రం పక్కకు తిరిగే ఇరుసుది) కావచ్చు. రెండింటినీ విడదీయడానికి తోడున్న మనిషిని బ్రేకు గట్టిగా తొక్కమనండి. లూజు మాయమైతే వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా ఊగుతుంటే కింగ్‌పిన్ బేరింగ్, లేదా ర్యాంగ్లర్ లాంటి బండ్లలో బాల్ జాయింట్.

టైర్లు, బ్యాలెన్సింగ్

అందరూ ఇక్కడే మొదలుపెట్టాలి, ఎందుకంటే చవక. జిమ్నీ కంపెనీ టైరు 195/80 ఆర్15. దాని బదులు 215/75 మడ్ టెర్రైన్ వేస్తే బరువు పెరుగుతుంది, ట్రెడ్ దిమ్మలు పెద్దవవుతాయి, బ్యాలెన్సు తప్పడానికి అవకాశం పెరుగుతుంది. బ్యాలెన్సింగ్ చేసేవాళ్లు సీసం ముక్కలు రిమ్ము లోపలి అంచుకే అంటించి పంపుతారు కొన్నిసార్లు. వెడల్పు టైరుకి రెండు అంచులూ లెక్కలోకి రావాలని అడగండి. మెషిన్ మీద టైరు తిరుగుతున్నప్పుడు పక్కనుంచి చూడండి: ట్రెడ్ పైకీ కిందికీ ఎగురుతుంటే బ్యాలెన్సింగ్ ముక్కలెన్ని పెట్టినా వణుకు పోదు. ఆ టైరుని వెనక్కి మార్చి చూడాలి. ముందు వణుకు తగ్గి సీటు కింద వణుకు వస్తే దొంగ ఆ టైరే.

మార్కెట్ అల్లాయ్ రిమ్ముల మధ్య రంధ్రం హబ్ కన్నా పెద్దదిగా ఉంటే, రిమ్ము నట్ల మీదే కూర్చుంటుంది, సరిగ్గా మధ్యలోకి రాదు. మధ్య రింగు వేయించండి, నట్లని చక్రం గాలిలో ఉండగా నక్షత్రం వరసలో బిగించండి. బురదలో తిరిగొచ్చాక రిమ్ము లోపల గట్టిపడ్డ మట్టి కూడా ఇదే వణుకు తెస్తుంది. హైవే మీదికి రాకముందు నీళ్లతో కడిగి చూడండి. అలాగే మట్టిదారి కోసం గాలి 15–18 పీఎస్ఐకి దించి, తిరిగి నింపకుండా హైవే ఎక్కితే ఊపు వస్తుంది, అంతకన్నా ముఖ్యంగా టైరు వేడెక్కి పాడవుతుంది.

రిమ్ము ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో) కూడా చూడాలి. చక్రం బయటికి వచ్చేకొద్దీ ప్రతి గతుకూ స్టీరింగ్‌ని ఎక్కువ బలంతో తిప్పుతుంది. స్పేసర్లు వేసినవాళ్లు ఒకసారి అవి తీసి నడిపి చూస్తే చాలా తెలుస్తుంది.

జాయింట్లు, బుష్‌లు, కింగ్‌పిన్ బేరింగులు

పాత జిప్సీ కొన్నవాళ్లకి అసలు పని ఇక్కడే ఉంటుంది. లిఫ్ట్ కొత్తగా ఏమీ పాడుచేయలేదు, ఏళ్లుగా దాగున్న లూజుని బయటపెట్టిందంతే. కింగ్‌పిన్ బేరింగులు కొత్తవి వేస్తే సరిపోదు, వాటి బిగువు షిమ్‌లతో (పలుచటి రేకులతో) సరిచూడాలి. టై రాడ్ విప్పేసి, స్ప్రింగ్ త్రాసుతో నకిల్‌ని (కింగ్‌పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే ముక్కని) లాగి ఎంత బలానికి కదులుతుందో కొలవాలి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఆ అంకె ఉంటుంది. త్రాసు లేకుండా చేతి అంచనాతో బిగించే చోట ఈ పని చేయించకండి.

బుష్‌ల విషయంలో ఒక తప్పు పదేపదే జరుగుతుంది. బండి గ్యారేజీ లిఫ్టు మీద వేలాడుతుండగానే యాక్సిల్‌ని పట్టి ఉంచే ఆర్మ్‌ల బోల్టులు గట్టిగా బిగించేస్తారు. రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడుతుంది, బండి నేల మీదికి దిగగానే మెలిపడి నెలల్లోనే చిరుగుతుంది. చివరి బిగింపు ఎప్పుడూ బరువు చక్రాల మీద ఉండగానే జరగాలి. పని అప్పగించేముందే ఈ మాట చెప్పి ఒప్పించుకోండి.

బెంగళూరులో విడిభాగాలకు జేసీ రోడ్డు తెలిసిందే. అక్కడ బోల్టు కొనేటప్పుడు తల మీద 10.9 అని ముద్ర ఉందో లేదో చూడండి, కాడ మందం రంధ్రానికి సరిగ్గా సరిపోవాలి. 14 మిల్లీమీటర్ల రంధ్రంలో 12 మిల్లీమీటర్ల బోల్టు వేసి వాషర్‌తో సర్దేస్తే లూజుని మీరే బిగించినట్టు. సాగిన రంధ్రానికి పీణ్యా వైపు లేత్ పని చేసేచోట స్లీవ్ తిప్పించి, బ్రాకెట్‌కి వెల్డు చేయించడం శాశ్వతమైన దారి.

ప్యాన్‌హార్డ్ రాడ్

బండి లేచేకొద్దీ ఈ రాడ్ ఏటవాలు పెరిగి, యాక్సిల్‌ని ఛాసిస్ మౌంట్ ఉన్న వైపు లాగుతుంది. 900 మిల్లీమీటర్ల రాడ్, మొదట రెండు చివరల ఎత్తుల మధ్య తేడా 100 అనుకోండి. బండిని 50 లేపితే యాక్సిల్ సుమారు 7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఈ జరుగుడు ఒక్కటే ఊపు తేదు. స్టీరింగ్ మధ్య తప్పుతుంది, ఒక వైపు టైరు రాసుకుంటుంది. పొడవు మార్చుకునే రాడ్ వేస్తే ఇవి సరిపోతాయి.

కొందరు ఇంకో అడుగు వేసి యాక్సిల్ వైపు బ్రాకెట్‌ని పైకి లేపుతారు. డ్రాగ్ లింకుని కూడా అంతే పైకి లేపకపోతే ఇది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఈ రెండు రాడ్లూ సమాంతరంగా, దాదాపు ఒకే పొడవుతో ఉన్నంతకాలం గతుకు మీద స్టీరింగ్ నిలకడగా ఉంటుంది. ఒకదాన్ని మార్చి ఇంకొకదాన్ని వదిలేస్తే ప్రతి గతుకూ స్టీరింగ్‌ని తిప్పుతుంది. రెండు అంగుళాల దాకా లిఫ్ట్ ఉన్నవాళ్లకి పొడవు మార్చే రాడ్ చాలు, బ్రాకెట్ల జోలికి వెళ్లక్కర్లేదు.

క్యాస్టర్: అసలు చర్చ ఇక్కడే

సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉండటం, చేతులు వదిలినా అది నేరుగా పోవడానికి తోడ్పడుతుంది. జీపులో కింగ్‌పిన్ పై భాగం వెనక్కి వాలి ఉండే కోణమే క్యాస్టర్. జిమ్నీలో యాక్సిల్‌ని పొడవాటి ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి, బండి లేచినప్పుడు ఆర్మ్‌తో పాటే యాక్సిల్ తిరుగుతుంది. ఆర్మ్ 700 మిల్లీమీటర్లు అనుకుంటే 50 మిల్లీమీటర్ల లిఫ్ట్‌కి సుమారు 4 డిగ్రీలు పోతాయి. ఉన్నదే కొన్ని డిగ్రీలు కాబట్టి మిగిలేది దాదాపు శూన్యం. ర్యాంగ్లర్‌లో పై ఆర్మ్, కింది ఆర్మ్ విడివిడిగా ఉండటంతో అదే ఎత్తుకి నష్టం తక్కువ. కమాన్ల బండ్లలో షాకిల్ (కమాన్ కొసని ఛాసిస్‌కి కలిపే లింకు) ముందుంటే, దాన్ని పొడవు చేసినకొద్దీ కమాన్ ముందు కొస కిందికి దిగి క్యాస్టర్ తగ్గుతుంది. పైగా షాకిల్‌ని 50 మిల్లీమీటర్లు పెంచితే బండి లేచేది అందులో సగమే. పొడుగు షాకిల్‌తో లిఫ్ట్ చేయించుకోవడం అన్నిటికన్నా చెడ్డ బేరం.

ముందు కొలిపించండి. చాలాచోట్ల అలైన్‌మెంట్ అంటే టో ఒక్కటి చూసి పంపేస్తారు. "ఇందులో క్యాస్టర్ అడ్జస్ట్ అవదు" అంటారు. అడ్జస్ట్ అవకపోయినా కొలవవచ్చు. టర్న్ ప్లేట్ల మీద చక్రాలని రెండు వైపులా తిప్పి క్యాస్టర్ కొలిచి, కాగితం మీద ముద్రించి ఇమ్మని అడగండి. ఎడమకీ కుడికీ అర డిగ్రీ కన్నా ఎక్కువ తేడా ఉంటే బుష్‌లు చిరిగాయో, యాక్సిల్ వంగిందో చూడాలి.

సవరించే దారులు నాలుగు. ఆఫ్‌సెట్ బుష్‌లు చవక, రెండు మూడు డిగ్రీలు తిరిగొస్తాయి. కానీ మధ్య రంధ్రం పక్కకు జరిగినందున ఒక వైపు రబ్బరు పలచబడుతుంది. పాలీయురేథేన్ రకం ఆర్మ్ స్వేచ్ఛగా మెలితిరగడాన్ని తగ్గిస్తుంది, బురద పడితే కిచకిచమంటుంది. నగరం, హైవే ఎక్కువగా ఉండి అప్పుడప్పుడు లేపాక్షి, హార్స్‌లీ హిల్స్ వెళ్లే జిమ్నీకి ఇది తగిన ఎంపిక.

డ్రాప్ బ్రాకెట్లు ఆర్మ్ ఛాసిస్ కొసని కిందికి దించుతాయి. క్యాస్టర్ తిరిగొస్తుంది, ఆర్మ్ చదునుగా రావడంతో గతుకుల మీద కుదుపు కూడా తగ్గుతుంది. రోడ్డు వాడకానికి మంచివి. రాళ్లెక్కేవాళ్లకి మాత్రం కిందికి వేలాడే ఈ ఇనుము మొదట తగిలే వస్తువు.

క్యాస్టర్ కలిపి తయారుచేసిన కొత్త ఆర్మ్‌లు ఖరీదు, కానీ రెండు అంగుళాలు దాటిన లిఫ్ట్‌కి వీటికన్నా నమ్మకమైనది లేదు. డబ్బు పెట్టగలిగితే నేరుగా వీటి దగ్గరికి వెళ్లండి. ముందు బుష్‌లు, తర్వాత బ్రాకెట్లు, చివరికి ఆర్మ్‌లు అని మూడుసార్లు కూలీ కట్టడంకన్నా మేలు.

కమాన్ల బండ్లకి వెడ్జ్ షిమ్‌లు. అల్యూమినియం రకం నలిగిపోతుంది, ఉక్కువి అడగండి. పలుచటి అంచు, మందపు అంచు ఏ వైపు ఉండాలో కొలిచి చూసుకోవాలి. తిరగేసి పెడితే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది. షిమ్ వేసినప్పుడల్లా కొత్త యూ బోల్టులు వాడాలి.

వీటన్నిటికీ ఒకే మూల్యం ఉంది. క్యాస్టర్ పెంచడానికి యాక్సిల్‌ని తిప్పితే డిఫరెన్షియల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే కొస) కిందికి చూస్తుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుంది. జిమ్నీలా ముందు హబ్‌లని షాఫ్ట్ నుంచి విడదీసే ఏర్పాటున్న బండ్లలో టూ వీల్ డ్రైవ్‌లో ఆ షాఫ్ట్ తిరగదు కాబట్టి రోడ్డు మీద తెలియదు. షాఫ్ట్ ఎప్పుడూ తిరిగే బండ్లలో కొత్త వణుకు మొదలవుతుంది. కాబట్టి పోగొట్టుకున్నంత తిరిగి తెచ్చుకోండి, అంతకుమించి వద్దు. క్యాస్టర్ మరీ ఎక్కువైనా స్టీరింగ్ బరువెక్కి, ఊపు తిరిగి రావచ్చు.

డ్యాంపర్ ఎవరికి

పై పరీక్షలన్నీ పాసై, క్యాస్టర్ కాగితం సరిగ్గా ఉండి, పెద్ద టైర్లతో రాళ్ల మీద స్టీరింగ్ చేతికి తన్నడం తగ్గాలనుకునేవాళ్లకి. పాతదాన్ని విప్పి చేత్తో లాగి నెట్టి చూడండి. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారితే, నూనె కారుతుంటే మార్చాల్సిందే. గ్యాస్ నింపిన రకం తనంతట తాను సాగాలని చూస్తుంది, దానివల్ల స్టీరింగ్ ఒక వైపు కొద్దిగా లాగవచ్చు.

ఎవరికి ఏ వరస

కొత్త జిమ్నీ, రెండు అంగుళాల లిఫ్ట్: బ్యాలెన్సింగ్, ఆర్మ్‌లకూ ప్యాన్‌హార్డ్‌కీ టార్క్ సరిచూడటం, క్యాస్టర్ కొలత, తర్వాత ఆఫ్‌సెట్ బుష్‌లు లేదా కొత్త ఆర్మ్‌లు. పాత జిప్సీ: కింగ్‌పిన్, టై రాడ్ ఎండ్లు, కమాన్ బుష్‌లు ముందు. పొడుగు షాకిల్ ఉంటే తీసేసి, లిఫ్ట్ కావాలంటే లిఫ్ట్ కమాన్లే వేయించండి. ర్యాంగ్లర్: ట్రాక్ బార్ (ప్యాన్‌హార్డ్ రాడ్‌కే ఇంకో పేరు) బోల్టులు, బాల్ జాయింట్లు ముందు. నెలకొకసారి కూడా మట్టి రోడ్డు ఎక్కని బండి అయితే, నిజం చెప్పాలంటే, అంగుళం లిఫ్ట్‌కి తగ్గించుకోవడమే అన్నిటికన్నా తెలివైన బేరం.

ఇంకో సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని నియంత్రిస్తుంది. ఏ మార్పుకైనా ముందు ఆర్టీఓ, బీమా కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి.

రోడ్డు మీద ఊపు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా ఎడమకి తీసుకోండి. ఆగాక ప్యాన్‌హార్డ్, ఆర్మ్ బోల్టులు చూడకుండా తిరిగి బయల్దేరకండి. ఒక్క ఊపుకే బోల్టు వదులవుతుంది. లిఫ్ట్ పని అయ్యాక 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి అన్ని బోల్టులూ టార్క్ రెంచ్‌తో బిగించి, బోల్టు మీదా బ్రాకెట్ మీదా కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయించండి. గీత విరిగి కనబడిన రోజు పానా తీయాల్సిన రోజు.